ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్: ఇగ్నిషన్ కాయిల్‌ని మల్టీమీటర్‌తో ఎలా చూడాలి, ఆ రీడింగ్‌ని ఎంతవరకు నమ్మాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. 2013 మోడల్ పెట్రోల్ కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. తిరుపతి ఊళ్లో, రేణిగుంట రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. అలిపిరి దాటి ఘాట్ ఎక్కుతుంటే నాలుగైదు మలుపుల తర్వాత కుదుపులు (మిస్సింగ్) మొదలవుతాయి, పికప్ పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. షెడ్‌కి తీసుకెళ్తే కాయిల్స్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టారు. నాలుగింటిలో ఒక్కటి కూడా సెకండరీ (లోపలి సన్న తీగ చుట్టు) రీడింగ్ చూపించలేదు కాబట్టి నాలుగూ పోయాయి, సెట్టు మార్చాలి అన్నారు. మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. నాలుగు కాయిల్స్ లోపల వైరు నిజంగా తెగిపోయి ఉంటే ఆ ఇంజిన్ స్టార్టే కాదు. మీరు దాన్ని నడుపుకుంటూ షెడ్ దాకా వెళ్లారు, నడుపుకుంటూ ఇంటికి వచ్చారు. అంటే మీటర్ చెప్పిన దాన్ని చదవడంలో ఎక్కడో పొరపాటు జరిగింది. మీటర్‌ది తప్పు కాదు, ఆ మెకానిక్‌ది చెడు ఉద్దేశమనీ నేను అనను. పాత కాయిల్స్ మీద నేర్చుకున్న పద్ధతిని కొత్తరకం కాయిల్ మీద వాడితే అందరికీ ఇలాగే అవుతుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా కార్ల కరెంటు పని చేస్తున్నాను, మొదట్లో నాకూ ఇదే అయింది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కాయిల్ అంటే లోపల రెండు చుట్లు. ప్రైమరీలో కొంచెం లావు తీగ, కొన్ని వందల చుట్లు. సెకండరీలో తలవెంట్రుకంత సన్నటి తీగ, వేల చుట్లు. నిష్పత్తి సుమారు ఒకటికి వంద. బ్యాటరీ 12 వోల్టులు ప్రైమరీలోకి రెండు నుంచి నాలుగు మిల్లీసెకన్లు పోతాయి, తర్వాత ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) టక్కున ఆపేస్తుంది. ఆపిన ఆ క్షణంలో ప్రైమరీలోనే 300, 400 వోల్టులు లేస్తాయి, సెకండరీలో అది వంద రెట్లయి 30 వేలు, 40 వేలు దాకా పోగలదు. ఆ వోల్టేజీయే ప్లగ్గు గ్యాప్ దాటి నిప్పురవ్వ అవుతుంది.

ఇక్కడ ఘాట్ సంగతి చెప్పాలి. గ్యాప్ దాటడానికి ఎంత వోల్టేజీ కావాలన్నది ఆ సమయంలో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, లోపల గాలి తక్కువ, 10 వేల వోల్టుల చుట్టుపక్కల సరిపోతుంది. బండిలో నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని, మూడో గేరులో యాక్సిలరేటర్ లోతుగా నొక్కి ఘాట్ ఎక్కుతుంటే సిలిండర్ నిండా గాలి, ఒత్తిడి ఎక్కువ, 20 వేలు దాటి కావాలి. కాయిల్ ఇన్సులేషన్‌లో (తీగ చుట్టూ కరెంటుని ఆపే పొరలో) ఎక్కడైనా సన్నటి పగులు ఉంటే 10 వేల దగ్గర ఓర్చుకుంటుంది. 20 వేల దగ్గర కరెంటుకి ప్లగ్గు కన్నా ఆ పగులే దగ్గరి దారి అవుతుంది, అటు దూకేస్తుంది. ప్లగ్గు దగ్గర నిప్పు లేదు, పెట్రోల్ కాలలేదు, అదే మీకు తగిలే కుదుపు. పైగా ఎక్కే రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, మధ్యలో ఇంజిన్‌కి ఊపిరి పీల్చుకునే సందు దొరకదు. వేడి కూడా కలుస్తుంది. తిరుమల ఘాట్ అయినా, భాకరాపేట ఘాట్ అయినా, బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్ అయినా సంగతి ఒకటే. నా దగ్గరికి వచ్చే మిస్సింగ్ కేసుల్లో "ఊళ్లో బాగుంది, ఘాట్‌లోనే" అన్నవాళ్లే ఎక్కువ.

మరి మీటర్ ఏం చేస్తుంది? ఓమ్స్‌లో పెట్టినప్పుడు రెండు మూడు వోల్టులకు మించి ఇవ్వదు. ఆ చిన్న వోల్టేజీతో తీగ తెగిందా, చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయా అన్నది మాత్రమే తెలుస్తుంది. ఇన్సులేషన్ 20 వేల వోల్టులను ఆపగలుగుతుందా అన్నది దానికి తెలిసే దారి లేదు. మన మామిడితోటల్లో డ్రిప్ పైపు చూసి ఉంటారు. మోటారు ఆపి ఉన్నప్పుడు పైపు పొడుగునా చెయ్యి పెట్టి తడిమినా సన్న చిల్లు దొరకదు. మోటారు వేసి ప్రెషర్ ఎక్కాక సర్రున చిమ్ముతుంది. కాయిల్ కూడా అంతే. రీడింగ్ తేడాగా వస్తే కాయిల్ పోయిందని నమ్మచ్చు. రీడింగ్ సరిగ్గా వచ్చినంత మాత్రాన కాయిల్ బాగుందని నమ్మకూడదు. నా సమాధానం మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే. మిగతాదంతా దీన్ని చేతిలో ఎలా వాడాలన్న సంగతి.

మీటర్ ముట్టుకునే ముందు కాయిల్ కప్లర్‌లో (వైర్లు తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్‌లో) ఎన్ని పిన్నులు ఉన్నాయో లెక్కపెట్టండి. కారు పేరు కన్నా ఈ లెక్కే ముఖ్యం. ఒకే మోడల్‌లో ఒక సంవత్సరం ఒకరకం, తర్వాత ఇంకోరకం వస్తుంటాయి.

రెండు పిన్నులుంటే ప్రైమరీ చుట్టు నేరుగా ఆ రెండు పిన్నుల మధ్యే ఉంటుంది. దాన్ని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్ ఈసీయూలోనో బయట వేరే పెట్టెలోనో ఉంటుంది. ఇలాంటిదాన్ని ఓమ్స్‌లో కొలవచ్చు. ఇప్పటి కాయిల్స్‌లో ప్రైమరీ ఎక్కువగా 0.4 నుంచి 1 ఓమ్ లోపు వస్తుంది. పాయింట్లు ఉండే పాత డబ్బా కాయిల్‌కి 3 ఓమ్‌ల దగ్గర, బ్యాలస్ట్ రెసిస్టర్‌తో పనిచేసేదానికి ఒకటిన్నర దగ్గర ఉండేది. ఆ 3 ఓమ్‌ల లెక్క మనసులో పెట్టుకుని కొత్త కాయిల్‌లో 0.7 చూసి షార్ట్ అయిందనుకుని పారేసినవాళ్లను నేను చూశాను.

మూడు పిన్నులుంటే ట్రాన్సిస్టర్ చాలావరకు కాయిల్ తలలోనే ఉంటుంది. ఒక పిన్ను 12 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి ఈసీయూ నుంచి వచ్చే ట్రిగ్గర్. నాలుగు పిన్నులుంటే నాలుగోది సాధారణంగా కాయిల్ తిరిగి ఈసీయూకి "నేను పనిచేశాను" అని చెప్పే వైరు. టయోటా బండ్లలో ఇది మామూలు, ఆ జవాబు రాకపోతే ఈసీయూ పెట్రోల్ కూడా ఆపేస్తుంది. మూడు, నాలుగు పిన్నుల కాయిల్‌లో పిన్నుల మధ్య ఓమ్స్ కొలిస్తే మీరు కొలిచేది తీగను కాదు, మధ్యలో ఉన్న ట్రాన్సిస్టర్‌ని. ఎంత వచ్చినా దానికి అర్థం లేదు.

ఇక మీ కారు సంగతి. ప్లగ్గు మీద నేరుగా కూర్చునే కాయిల్స్‌లో చాలావాటికి సెకండరీలో ఒక హై వోల్టేజీ డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెడతారు. ప్రైమరీకి కరెంటు ఆన్ అయిన క్షణంలో కూడా సెకండరీలో కొంత వోల్టేజీ పుడుతుంది, అప్పుడు వేళ కాని వేళ స్పార్క్ పడకుండా ఆపడానికే ఆ డయోడ్. దాన్ని తెరవాలంటే మీటర్ ఇచ్చే రెండు మూడు వోల్టులు చాలవు. అందుకే వైర్లు ఇటు పెట్టినా అటు పెట్టినా మీటర్ ఎడమ చివర "1" అనో, "ఓఎల్" అనో (రేంజి దాటిపోయిందని) చూపిస్తుంది. అది ఆ కాయిల్ సహజగుణం. మీ నాలుగు కాయిల్స్ ఒకేలా "ఓఎల్" చూపించాయంటే నాలుగింటిలోనూ డయోడ్ ఉందని నేను అనుకుంటాను. నాలుగూ ఒకేరోజు చచ్చిపోయాయని అనుకోను.

డయోడ్ లేని కాయిల్ అయితే సెకండరీ 6 వేల నుంచి 15 వేల ఓమ్‌ల మధ్య వస్తుంది. నాలుగు సిలిండర్లకు ఒకే డబ్బా, దానినుంచి నాలుగు ప్లగ్గు వైర్లు వచ్చే రకం ఉంటే, అందులో రెండు జతలుంటాయి: ఒకటీ నాలుగూ ఒక జత, రెండూ మూడూ ఒక జత. అక్కడ మీటర్ ఒక్కో జతలోని రెండు టవర్ల (ప్లగ్గు వైరు తగిలించే కొమ్ముల) మధ్య పెట్టాలి. టవర్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే ఏమీ రాదు. ఒంటి కాయిల్‌లో సెకండరీ రెండో చివర కొన్నింటిలో 12 వోల్టుల పిన్నుకి, కొన్నింటిలో ఎర్త్‌కి కలిసి ఉంటుంది. కాబట్టి ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగు (బూట్) లోపలి స్ప్రింగ్‌కి ఒక ప్రోబ్ పెట్టి, రెండోది ఒక్కో పిన్నుకీ మార్చి చూడాలి.

కొలిచే తీరులోనే చాలామంది మోసపోతారు, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

తాళం ఆఫ్ చేసి, ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టండి. కప్లర్ లాక్ వేడికి పెళుసుబారి ఉంటుంది, లాగితే విరుగుతుంది. బొటనవేలితో నొక్కిపట్టి కొంచెం ముందుకు తోసి అప్పుడు వెనక్కి తీయండి. 10 నంబర్ బోల్టు విప్పాక కాయిల్‌ని ఒకేసారి పైకి పీకకండి. ముందు ఎడమకీ కుడికీ పావు చుట్టు తిప్పితే బూట్ ప్లగ్గు నుంచి పట్టు వదులుతుంది. లేదంటే రబ్బరు చినిగి సగం గుంతలోనే ఉండిపోతుంది.

మీటర్‌ని 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి గట్టిగా ఆనించండి. సున్నా రాదు. మీటర్ వైర్లకూ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, మామూలు మీటర్‌లో 0.3, 0.4, పాత వైర్లయితే 0.8 కూడా చూస్తారు. ఆ అంకె కాగితం మీద రాసుకోండి. కాయిల్ ప్రైమరీ మీద 1.1 వచ్చి, వైర్లది 0.4 అయితే అసలు విలువ 0.7. ఒక ఓమ్ కూడా లేని చోట ఈ 0.4 తీసేయకపోతే మంచి కాయిల్ చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనపడుతుంది. పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే ముందు అది శుభ్రం చేయండి. మీటర్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ వీకైపోయి స్క్రీన్ మసగ్గా ఉంటే ఆ రీడింగ్ అసలు రాసుకోవద్దు, బ్యాటరీ మార్చి మళ్లీ చూడండి.

సెకండరీకి 20 కిలో ఓమ్ రేంజి. అప్పుడు ప్రోబ్‌ల లోహాన్ని రెండు చేతుల వేళ్లతో పట్టుకోవద్దు. మన ఒళ్లు కూడా ఒక రెసిస్టెన్సే, మే నెలలో చెమట చేతులతో పట్టుకుంటే అంకె కదులుతుంది.

వేడి సంగతి మరిచిపోవద్దు. రాగి తీగ రెసిస్టెన్స్ ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం పెరుగుతుంది. కంపెనీ పుస్తకంలో ఇచ్చే విలువ మామూలుగా 20 డిగ్రీల దగ్గరిది. 20 డిగ్రీల్లో 10 వేల ఓమ్‌లున్న సెకండరీ, 70 డిగ్రీల ఇంజిన్ మీంచి అప్పుడే తీసినప్పుడు 12 వేలు చూపిస్తుంది. అది జబ్బు కాదు. తిరుపతి ఎండలో నీడన నిలబెట్టిన కారే 40 డిగ్రీలు దాటి ఉంటుంది, మన ఊళ్లో పుస్తకం అంకె అచ్చంగా ఎప్పుడూ రాదు. అందుకే నేను పుస్తకం కన్నా పోలికనే నమ్ముతాను. నాలుగు కాయిల్స్‌నీ ఊడదీసి గంటసేపు ఒకే చోట పెట్టి, ఒకే మీటర్‌తో, ఒకే రేంజిలో వరసగా చూడండి. మూడు 0.7 చూపించి ఒకటి 0.4 చూపించినా, మూడు 10 వేలు చూపించి ఒకటి 14 వేలు చూపించినా, ఆ ఒక్కటీ అనుమానితుడు. కాకపోతే నాలుగూ ఒకే కంపెనీవి అయి ఉండాలి. మధ్యలో ఎవరో ఒకటి వేరే కంపెనీది వేసి ఉంటే దాని లెక్క వేరు.

ఇంత చేసినా రీడింగ్ మిమ్మల్ని తప్పుదారి పట్టించగలదు. నా దగ్గర జరిగిందే చెబుతాను. చిత్తూరులో పనిచేసే రోజుల్లో ఒక మాస్టారు కారు వచ్చింది, డబ్బా కాయిల్, ప్లగ్గు వైర్ల రకం. మొగిలి ఘాట్‌లో మిస్సింగ్ అన్నారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచాను. ఒకటీ నాలుగు జత 12.1 కిలో ఓమ్‌లు, రెండూ మూడు జత 12.3. ప్రైమరీలు రెండూ సమానం. కాయిల్ బ్రహ్మాండంగా ఉంది సార్ అని చెప్పి ప్లగ్గులు మార్చి పంపేశాను. మూడో రోజు రాత్రి ఫోన్. ఇంట్లోవాళ్లతో పలమనేరు వెళ్తూ ఘాట్ మధ్యలో ఆగిపోయారు, లారీలు పక్కనుంచి పోతున్నాయి, చిన్నపిల్లలున్నారు. నేను వెళ్లేసరికి ఆయన రోడ్డు పక్కన మొబైల్ లైటు ఊపుతూ నిలబడి ఉన్నారు. ఆ దృశ్యం నాకింకా గుర్తుంది. నేను చెప్పిన "బాగుంది" అన్న మాట మీదే ఆయన ఆ రాత్రి బయలుదేరారు.

మర్నాడు సాయంత్రం షెడ్‌లో లైట్లన్నీ ఆపించి, షట్టర్ సగం దించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బట్టల ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిల్‌తో కాయిల్ చుట్టూ సన్నటి మంచులా నీళ్లు కొట్టాను. మూడో టవర్ మొదట్లోంచి పక్కనున్న బిగింపు బోల్టుకి నీలం దారంలా ఒక మెరుపు, టిక్కు టిక్కుమని. ఇంజిన్ ఆపి డబ్బా ఊడదీసి గుడ్డతో తుడిచి చూస్తే టవర్ మొదట్లో వెంట్రుక మందం గీత. గోటితో గీరితే తగిలేంత పగులు కూడా కాదు, లోపల నల్లగా మసిపట్టిన ఒక చార. కరెంటు పోయి పోయి కాల్చిన దారి అది. అదే డబ్బాకి ఆ క్షణంలో కూడా మీటర్ పెట్టి చూశాను, 12.3. అక్షరం తేడా లేదు. తీగ బాగుంది, తీగ చుట్టూ ఉన్న గోడ పగిలింది. ఆ రోజు నుంచి మీటర్ రీడింగ్ ఒక్కటే చూసి ఎవరికీ "కాయిల్ బాగుంది" అని చెప్పలేదు.

ఈ చీకటి పరీక్ష మీరు ఇంట్లో చేయాలనుకుంటే జాగ్రత్త. నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్, ప్లగ్గు వైరు ముట్టుకోకూడదు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ దగ్గరికే రాకూడదు. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి ఏ సిలిండర్ అని చూసే పాత అలవాటు కూడా మానేయండి. దారి దొరకని వోల్టేజీ కాయిల్‌నే కాలుస్తుంది, ఈసీయూకీ దెబ్బ తగలచ్చు. కాయిల్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూసేవాళ్లూ ఉన్నారు. 0.7 ఓమ్‌ల ప్రైమరీకి 12 వోల్టులు నిలకడగా ఇస్తే 17 ఆంపియర్లు లాగుతుంది, కొద్దిసేపట్లో కాయిల్ పొగలు కక్కుతుంది.

ప్లగ్గు మీద కూర్చునే కాయిల్‌కి చీకటి పరీక్షలో మెరుపు గుంత లోపలే ఉండిపోయి కనపడకపోవచ్చు. దానికి మేలైన దారి మార్పిడి. మీ కారుకి ఇదే చేయమంటాను.

ముందు స్కానర్ (ఈసీయూలో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించి కోడ్ రాయించుకోండి. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్, పి0302 రెండోది, అలా పి0304 దాకా. పి0300 అంటే ఫలానా సిలిండర్ అని తేల్చలేదు. పి0351 నుంచి పి0354 దాకా వస్తే కాయిల్ సర్క్యూట్‌లోనే ఈసీయూ తేడా గమనించిందని. మీకు పి0302 వచ్చిందనుకోండి. రెండో సిలిండర్ కాయిల్ మూడో దానికి, మూడోది రెండో దానికి మార్చండి. ప్లగ్గులు మాత్రం కదిలించకండి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది నేరస్థుడో తెలియదు. కోడ్ చెరిపేసి బండికి లోడ్ ఇచ్చి నడపండి. కోడ్ పి0303గా మారిందా, ఆ కాయిలే దోషి. అక్కడే పి0302గా నిలిచిపోయిందా, కాయిల్ కాదు, తర్వాత ప్లగ్గు మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్, చివరగా కంప్రెషన్. సిలిండర్ నంబర్లు చాలా ఇంజిన్లలో ఫ్యాన్ బెల్ట్ వైపు నుంచి మొదలవుతాయి.

లోడ్ ఇవ్వడానికి కుటుంబంతో కొండెక్కక్కర్లేదు. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు గరుడ వారధి (ఇంతకుముందు శ్రీనివాస సేతు అన్న ఫ్లైఓవర్) ఎక్కేచోట నాలుగో గేరులో 40 స్పీడులో ఉంచి యాక్సిలరేటర్ లోతుగా నొక్కండి. తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడు: బలహీనమైన కాయిల్ అక్కడే బయటపడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక చేయండి, ఏసీ కూడా వేయండి.

కాయిల్స్ ఊడదీసినప్పుడు కళ్లతో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, మీటర్ కన్నా ఇవి ఎక్కువసార్లు జవాబు చెబుతాయి. ప్లగ్గు గుంతలో నూనె ఉందా? ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ లీకు. ఆ నూనెకి బూట్ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కొత్త కాయిల్ వేసినా కొన్ని నెలల్లో అదే గతి. నీళ్లున్నాయా? వాటర్ సర్వీసులో ఇంజిన్ మీద ప్రెషర్ పైపు కొట్టిస్తే, నవంబర్ వానల్లో మునిగిన వీధుల్లో నడిపితే గుంతలో నీళ్లు చేరతాయి. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగినప్పుడు ఆ తర్వాత వారాల తరబడి మాకు ఇదే పని. బూట్ లోపల టార్చి వేసి చూడండి, పొడవునా పెన్సిల్ గీతలాంటి చార ఉందేమో. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద కూడా అలాంటి నల్ల గీత ఉంటే ప్లగ్గూ బూటూ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతదాని చార కొత్తదానికి అంటుకుంటుంది.

ప్లగ్గు గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూడండి. చాలా కార్లకు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. 78 వేల కిలోమీటర్లకు మామూలు నికెల్ ప్లగ్గులు ఒక్కసారీ మార్చి ఉండకపోతే గ్యాప్ అరిగి పెద్దదై ఉంటుంది. గ్యాప్ పెరిగితే కాయిల్ ప్రతిసారీ ఇంకా ఎక్కువ వోల్టేజీ లేపాలి, అలా అరిగిన ప్లగ్గే మంచి కాయిల్‌ని చంపుతుంది. సీఎన్‌జీ కిట్టు ఉంటే ఇది మరీ ముఖ్యం. గ్యాస్‌కి నిప్పంటించడానికి పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాస్‌లో మిస్సింగ్, పెట్రోల్‌లోకి మారిస్తే బాగుంది అంటే కిట్టుని తిట్టే ముందు ప్లగ్గులూ కాయిల్స్‌ వైపు చూడండి.

మీటర్ అసలు ఎందుకూ పనికిరాదా అంటే, మూడు పిన్నుల కాయిల్ దగ్గర దాని అసలు పని కప్లర్ వైపు. కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి రబ్బరు సీలు పక్కగా గుండుసూది దూర్చి కొలవండి. వైరు తొడుగు పొడవకండి, ఆ చిల్లులోంచి తేమ పోయి రాగి కుళ్లుతుంది. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులుంటే కాయిల్ పిన్ను దగ్గర కూడా దానికి చాలా దగ్గరగా రావాలి. 12.5 వచ్చిందంటే మధ్యలో రిలేనో, తాళం స్విచ్చో, కాలిన కప్లరో తినేస్తోంది, అప్పుడు కొత్త కాయిల్ వేసినా స్పార్క్ బలహీనంగానే ఉంటుంది. ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య డీసీ వోల్టుల్లో చూడండి, 0.1, మహా అయితే 0.2 లోపు ఉండాలి. నాలుగు కాయిల్స్‌లోనూ ఒకేసారి నీరసం కనపడితే నేను మొట్టమొదట చూసేది ఈ ఎర్తే.

ట్రిగ్గర్ వైరు మీద డీసీలో పెడితే 0.1 వోల్టు లాంటి చిన్న అంకె వస్తుంది. కంగారు పడకండి, అది 5 వోల్టుల సన్నటి పల్స్, మీటర్ సగటు చూపిస్తోంది. మీటర్‌లో హెర్ట్జ్ (సెకనుకి ఎన్నిసార్లు అన్నది) ఉంటే అది వాడండి. ఒక్కో సిలిండర్‌కి ఒక కాయిల్ ఉన్న ఇంజిన్, ఐడిల్ 800 ఆర్‌పీఎం అయితే ఒక్కో కాయిల్ నిమిషానికి 400 సార్లు పేలుతుంది, అంటే 6.7 హెర్ట్జ్ దగ్గర కనపడాలి. మిగతా మూడింటికి వచ్చి ఒక్కదానికి రాకపోతే వైరింగ్‌లోనో ఈసీయూలోనో లోపం, కాయిల్ జోలికి పోవద్దు.

ఇవన్నీ తేలేలోపు కొండకు పోవాల్సి వస్తే ఒక్క మాట. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉందంటే కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం. అది కరిగితే ఖర్చు నాలుగు కాయిల్స్ కన్నా ఎక్కువే అవుతుంది. యాక్సిలరేటర్ వెంటనే తగ్గించి, కింది గేరు వేసి, ఏసీ ఆపి మెల్లగా ఎక్కించండి. లైటు నిలకడగా మారకపోతే సురక్షితమైన చోట పక్కకు తీసి ఇంజిన్ ఆపండి.

కాయిల్ ఒకటి పోయిందని మార్పిడిలో తేలితే ఆ ఒక్కటే మార్చండి, ప్లగ్గులు మాత్రం నాలుగూ కలిపి మార్చండి. డబ్బా మీద పేరు ఉండి లోపల వేరే సరుకు ఉండే కాయిల్స్ మార్కెట్‌లో తిరుగుతున్నాయి, కొన్న రోజు మీటర్‌లో సరిగ్గానే చూపిస్తాయి. బిల్లు, వారంటీ ఇచ్చే చోటే కొనండి. ఎప్పుడైనా సెట్టంతా మార్చాల్సి వస్తే తీసిన మంచి కాయిల్స్ ఎవరికీ వదిలేయకండి, ఒకటి గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి.

ఇప్పుడు మీరు నాకు మూడు విషయాలు చెప్పండి: కాయిల్ కప్లర్‌లో పిన్నులెన్ని, స్కానర్‌లో వచ్చిన కోడ్ ఏమిటి, ప్లగ్గులు చివరిసారి ఎన్ని వేల కిలోమీటర్ల దగ్గర మార్చారు. ఊడదీసినప్పుడు నాలుగు ప్లగ్గుల మొనలూ కనపడేలా వరసగా పెట్టి ఒక ఫొటో కూడా పెట్టండి, ఏది ఏ సిలిండర్‌దో నంబరు రాసి.